ఓంకార్ పేరు మీద

పక్కవాళ్లు పాస్‌వర్డ్ కొడుతుంటే ముఖం తిప్పుకోవాలని ప్రవళికకు ఏ ట్రైనింగ్‌లోనూ ఎవరూ చెప్పలేదు. ఓంకార్‌ని చూసి నేర్చుకుంది. ఎవరి వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లినా సరే, అతను కుర్చీ తిప్పేసి కిటికీలోంచి రాయదుర్గం స్టేషన్‌లోకి వచ్చే మెట్రో రైలును చూసేవాడు, అదేదో జన్మలో చూడనట్టు. కొత్తలో ఆమెకు నవ్వొచ్చేది. నా పాస్‌వర్డ్ తెలుసుకుని నువ్వేం చేసుకుంటావన్నా అని ఆటపట్టించేది కూడా. తర్వాత తర్వాత అదే ఆ సీటు పద్ధతి అయిపోయింది. ఒకరు కొడుతుంటే ఇంకొకరు రైలు చూడాలి. రైలు లేకపోతే పట్టాలు చూడాలి.

ఆ సోమవారం ఓంకార్ పాస్‌వర్డ్ కొడుతుంటే ప్రవళిక ముఖం తిప్పుకోలేదు. అతని వేళ్లనే చూసింది. అతను సగంలో ఆగి, ఆమె వైపు ఒకసారి చూసి, మిగతాది కొట్టేశాడు.

చూడమని చెప్పింది మేనేజర్ విశ్వేశ్వరరావు. పొద్దున్నే క్యాబిన్‌లోకి పిలిచి, తలుపు వేసి, కూర్చోమని చెప్పి మరీ చెప్పాడు. జిల్లాల్లోని డయాగ్నస్టిక్ సెంటర్లు తీసే స్కాన్ బొమ్మలన్నిటినీ దాచిపెట్టి, డాక్టర్లు అడిగినప్పుడు చూపించడం ఆ కంపెనీ పని. కొత్త సర్వర్ పెట్టిన దగ్గర్నుంచి ఆ బొమ్మలు చెడిపోతున్నాయి. పూర్తిగా పోతే గొడవే లేదు, పోయిందని తెలుస్తుంది. ఇవి అలా కాదు. ఒక మనిషి ఊపిరితిత్తుల బొమ్మ నడుమ ఇంకెవరిదో మోకాలి ఎముక అడ్డపట్టీలా వచ్చి కూర్చుంటోంది. మోకాలు కాబట్టి డాక్టరు నవ్వి ఫోన్ చేశాడు. మహబూబాబాద్‌లో గంగమ్మ అనే పెద్దామెకు మాత్రం ఇంకొకరి ఊపిరితిత్తుల ముక్కే వచ్చి అతుక్కుంది. ఆ ముక్కలో ఒక తెల్లటి మచ్చ ఉంది. ఆమెను కూర్చోబెట్టి, కొడుకుని పిలిపించి, చెప్పకూడని మాట చెప్పేశారు. ఆ తర్వాత అనుమానం వచ్చి మళ్లీ స్కాన్ తీయిస్తామని కబురు పెట్టారట.

"నేనెవరినీ అనటం లేదమ్మా," అన్నాడు విశ్వేశ్వరరావు. "కానీ పోయేవాడికి ఇక్కడ ఏం పోతుంది చెప్పండి? మీరు పక్కనే కూర్చుంటారు కదా. ఓ కన్నేసి ఉంచండి, చాలు."

పోయేవాడంటే ఓంకార్. రాజీనామా ఇచ్చి నోటీస్ పీరియడ్‌లో ఉన్నాడు. నార్సింగి వైపు కొత్తగా తెరిచిన కంపెనీలో వచ్చే సోమవారం చేరాలి. అదీ ఇదే రకం పని చేసే కంపెనీ. ఇక్కడి నుంచి రిలీవింగ్ లెటర్ చేతికి వస్తేనే అక్కడ కుర్చీ. విశ్వేశ్వరరావు ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చి, ఆమె లేచి వస్తుంటే ఇంకొక మాట కలిపాడు. ఈ గొడవ తేలిపోతే ఓంకార్ ఖాళీ చేసే టీమ్ లీడ్ సీటు ఎలాగూ మీదే కదమ్మా అని. ఆ మాట ప్రవళికకు తీయగానే తగిలింది, అబద్ధమెందుకు.

ఒకసారి అనుమానం పట్టుకుందంటే మనిషి చేసే మామూలు పనులన్నీ కొత్తగా కనపడతాయి. ఓంకార్ ఫోన్ రాగానే మెట్ల దగ్గరికి వెళ్తాడు. ఎప్పుడూ వెళ్లేవాడే. ఆ రోజు మాత్రం ఎందుకు వెళ్తున్నాడని ఆమె తల తిప్పి చూసింది. కాఫీకి లేచేటప్పుడు స్క్రీన్ లాక్ చేస్తాడు. ఎప్పుడూ చేసేవాడే. దాచేదేమిటో అనిపించింది. అన్నిటికంటే ఒక విషయం ఆమెకు గుచ్చుకుంది. పాత సర్వర్‌లో ఏళ్లనాటి స్కాన్లన్నీ ఇంకా ఉన్నాయి. వాటిని కొత్తదాంట్లోకి ఎక్కించే పని ఓంకార్ వెళ్లాక నిదానంగా చేద్దామనుకున్నారు. అతనేమో ఎవరూ అడక్కుండానే దాన్ని నెత్తికెత్తుకున్నాడు.

"ఇదంత నేనే ఎక్కించి పోత," అన్నాడు ఆ రోజు కూడా, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా. "లేకుంటే నేను పోయినంక నీ నెత్తిన పడుతది."

వారం ముందైతే ఆమె థ్యాంక్స్ అన్నా అనేది. ఇప్పుడు ఊ అని ఊరుకుంది. పోయేవాడికి ఇంత తాపత్రయం ఎందుకు? అన్ని ఫైళ్లనూ ముట్టుకోవాలని ఇంత ఆత్రం ఎందుకు?

మధ్యాహ్నం అతను డబ్బా తెరిచి మూత ఆమె వైపు జరిపాడు. వాళ్లమ్మ సక్కుబాయి చేసిన సర్వపిండి. సక్కుబాయి ఎప్పుడూ ప్రవళిక వాటా కూడా వేసి పంపుతుంది. కడుపు బాగాలేదని ప్రవళిక మూత వెనక్కి జరిపింది.

"ఏంది, మా అమ్మ చేతివంట చేదైందా?" అని నవ్వాడు ఓంకార్. ఆమె నవ్వకపోయేసరికి తను కూడా నవ్వు ఆపేసి తినడం మొదలుపెట్టాడు.

*

మంగళవారం ప్రవళిక లెక్క తీసింది. ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటి ఒక నంబరు ఉంటుంది. ఫైలు వచ్చినప్పుడు ఒకసారి ఆ నంబరు రాసిపెట్టుకుంటారు. తర్వాత మళ్లీ లెక్కేస్తే అదే నంబరు రావాలి. రాకపోతే ఫైలులో ఏదో మారినట్టు. మారిన ఫైళ్లన్నీ ఒక పక్కన, అవి డిస్కు మీదికి ఎక్కిన సమయంలో సర్వర్‌లో ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారన్నది ఇంకో పక్కన పెట్టుకుని చూసింది. చెడిన ప్రతి ఫైలు పక్కనా ఓంకార్ పేరు ఉంది. వేరే పేర్లు వచ్చి పోతున్నాయి గానీ ఓంకార్ పేరు ఒక్కచోట కూడా తప్పలేదు. మేనమామ కూతురి ఎంగేజ్‌మెంట్‌కని అతను సెలవు పెట్టిన రోజు ఒక్క ఫైలు కూడా చెడలేదు.

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో సర్వర్ రూమ్‌లో ఏ వైరు ముట్టుకోవాలన్నా భయపడుతుంటే, పక్కన నిలబడి ధైర్యం చెప్పిన మనిషి. ఇంత మంచిగా ఉంటూ ఇదేం పని? కోపం కూడా వచ్చింది. తనను ఇన్నాళ్లూ పిచ్చిదాన్ని చేశాడనిపించింది.

సాయంత్రం ఓంకార్ తనంతట తానే ఆ మాటెత్తాడు. ఇది మనుషులు చేసే పనిలా లేదన్నాడు. డిస్కుల ముందు ఒక కార్డు ఉంటుంది, కంట్రోలర్ అంటారు, ఏ ముక్క ఏ డిస్కులో ఎక్కడ రాయాలో పంచిపెడుతుంది. ఆ కార్డుకూ కంప్యూటర్‌కూ నడుమ మాటలు మోసే చిన్న ప్రోగ్రాం డ్రైవర్. తనకు దాని మీదే అనుమానమన్నాడు.

"యాదికుందా, పూజ రోజు? మూఢం వస్తుందని సార్ ఆగమాగం చేసిండు. పాత డ్రైవర్ తోని వారం టెస్ట్ చేసినం. ఆఖరికి కొత్తది ఎక్కించి, ఒక్క పూట కూడ సరిగ్గ నడపకుండనే కొబ్బరికాయ కొట్టినం. దాన్ని జర చూడాలె."

ప్రవళికకు గుర్తుంది. మూఢం మొదలైతే రెండు నెలలు కొత్త పనేదీ మొదలుపెట్టనని విశ్వేశ్వరరావు పట్టుపట్టాడు. వాళ్ల ఇంటి సిద్ధాంతి ఇచ్చిన ముహూర్తం దాటకూడదని సర్వర్‌ను ముందుకు జరిపించాడు. ఆమె చేత్తోనే ఆ యంత్రానికి పసుపు, కుంకుమ పెట్టింది. ఇప్పటికీ ఆ ఇనుప తలుపు మీద బొట్టు ఉంది. జర ఆగుదాం సార్ అని ఓంకార్ అన్న సంగతి కూడా గుర్తుంది. ఆ మాటకు విశ్వేశ్వరరావు, డ్రైవర్ పంపింది ఏమైనా చిన్నా చితకా కంపెనీయా అని కసిరాడు.

అయినా సరే, ఇప్పుడు ఈ మాట ఎందుకు తెస్తున్నాడు? తప్పు తన మీదికి వచ్చేట్టుందని పసిగట్టి దాన్ని యంత్రం మీదికి తోస్తున్నాడా? ఆమె తిన్నగా వెళ్లి విశ్వేశ్వరరావుకు చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ప్రపంచమంతా ఆ డ్రైవరే వాడుతోందనీ, చెడిపోవడానికి మన సర్వరే దొరికిందా అనీ అన్నాడు. తన ముహూర్తం మీదికి మాట వచ్చేసరికి ఆయన ముఖం మాడింది. ఆమె దాన్ని గమనించింది గానీ పట్టించుకోలేదు.

న్యాయం న్యాయమే కదా అని బుధవారం పొద్దున ఒక టెస్ట్ చేసి చూసింది. ఒక పెద్ద ఫోల్డర్ తీసుకుని కొత్త సర్వర్‌లోకి ఎక్కించింది. అన్ని నంబర్లూ సరిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా మారలేదు. మంగళవారం తీసిన లెక్కతో కలిపి ఆ ముక్క విశ్వేశ్వరరావుకు మెయిల్‌లో పెట్టింది. డ్రైవర్ నిర్దోషి అని తేలింది. అంటే ఇక మిగిలింది ఎవరో ఆమె రాయలేదు, రాయనక్కర్లేదు కూడా.

*

ఆ మధ్యాహ్నమే ఓంకార్ లాగిన్లన్నీ ఆపేశారు. హెచ్.ఆర్. స్వప్న వచ్చి, తలదించుకునే ఆ మాట చెప్పి, లాప్‌టాప్ తీసుకుని వెళ్లింది. విచారణ అయ్యేదాకా రిలీవింగ్ లెటర్ ఆపుతున్నామంది. అతన్ని ప్యాంట్రీ పక్కన ఏ సిస్టమూ లేని టేబుల్ దగ్గర కూర్చోమన్నారు. ఇంటికి పంపిస్తే నోటీస్ రోజులు పూర్తి కావట. ఓంకార్ ఎవరితోనూ వాదించలేదు. ఛార్జర్ వైరు చుట్టి లాప్‌టాప్‌తో పాటు ఇచ్చాడు. వెళ్తూ వెళ్తూ ప్రవళిక వైపు చూశాడు. ఆమె స్క్రీన్‌లోకి చూస్తున్నట్టు నటించింది. స్క్రీన్ మీద ఏముందో ఆమెకే తెలియదు.

సాయంత్రం గేటు దగ్గర సెక్యూరిటీ కొమురయ్య అతని బ్యాగు వెతికాడు. కొమురయ్యది జనగామ దగ్గర ఊరు. రోజూ ఓంకార్‌కు నమస్తే పెట్టి వాన గురించో, పిల్లల చదువుల గురించో ఒక మాట మాట్లాడేవాడు. బ్యాగు జిప్పు తీసి, టవలు తీసి, చివరికి అన్నం డబ్బా మూత కూడా తీయాల్సి వచ్చింది. ఏమనుకోకు సార్, పైనుంచి చెప్పిండ్రు అంటూనే ఉన్నాడు. డబ్బాలో సగం తిన్న సర్వపిండి. వెనక నిలబడిన ప్రవళిక అది చూసి, చెప్పుల పట్టీ సరిచేసుకునే మిషతో వంగింది.

గురువారం ఒక్క ఫైలు కూడా చెడలేదు.

ఫ్లోరంతా ఆ మాటే. అతని లాగిన్ తీసేయగానే జబ్బు తగ్గిపోయింది, ఇంకేం రుజువు కావాలి అన్నారు. ముందే అనుకున్నామన్నవాళ్లు కూడా తయారయ్యారు. నిన్నటిదాకా అతని చేత సెలవుల లెక్కలు, ఇంటి వైఫై గొడవలు సరిచేయించుకున్నవాళ్లే ప్యాంట్రీలోకి పోవాలంటే పక్క దారి పట్టారు. విశ్వేశ్వరరావు ప్రవళిక టేబుల్ దగ్గరికే వచ్చి, బాగా చేశారమ్మా అని అందరూ వినేట్టు అన్నాడు. నార్సింగి కంపెనీ వాళ్లు ఓంకార్ గురించి రాతపూర్వకంగా అడిగారనీ, అతని మీద విచారణ నడుస్తోందని స్వప్న శుక్రవారం సాయంత్రం జవాబు పంపుతుందనీ చెప్పాడు. ఆ మెయిల్ వెళ్లిందంటే ఆ కంపెనీయే కాదు, ఈ ఐటీ కారిడార్‌లో ఇంకెవరూ ఓంకార్‌కు సర్వర్ ముట్టనివ్వరు. మనిషిని దొంగ అని రాసి పంపితే ఆ రాత వెనకే వస్తుంది.

ఆమెకు లోపల ఎక్కడో కలుక్కుమంది. చేసినదానికి అనుభవిస్తున్నాడు, నేనేం చేశాను అనుకుని సర్దిచెప్పుకుంది.

ఇక ఓంకార్ వదిలేసిన పని ఆమె మీద పడింది. పాత సర్వర్‌లో మిగిలినవి ఎక్కించాలి. అతనెలా చేశాడో చూస్తే ఆశ్చర్యమేసింది. ఒకదాని తర్వాత ఒకటి కాకుండా, చాలా ఫోల్డర్లను ఒకేసారి వదిలాడు. తను పోయేలోపు అయిపోవాలని సర్వర్‌ను ఊపిరి పీల్చుకోనివ్వకుండా తోలాడు. ఆమె కూడా అదే పద్ధతిలో తన లాగిన్‌తో మొదలుపెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

*

శుక్రవారం పొద్దున వచ్చి, కాఫీ పక్కన పెట్టుకుని, అలవాటుగా నంబర్లు సరిచూసింది. సరిపోలేదు. ఇంకోసారి చూసింది. ఒకటి కాదు, రెండు కాదు, స్క్రీన్ నిండా ఎర్ర వరసలు. ప్రతి వరస పక్కనా ఒకే పేరు. ప్రవళిక.

చప్పున చుట్టూ చూసింది. ఎవరైనా చూశారా? ఎదురు వరసలో ఒకాయన ఈమె వైపు చూసి నవ్వాడు. రోజూ నవ్వే నవ్వే. ఇవాళ ఎందుకు నవ్వాడా అని స్క్రీన్ కాస్త పక్కకు తిప్పుకుంది. నా పక్కన ఎవరిని కూర్చోబెట్టి నా మీద కన్నేయమన్నారో అనిపించింది. కిటికీ కింద రైలు వచ్చి ఆగింది, వెళ్లిపోయింది.

తుడిచేయొచ్చు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధమే. ఫైళ్లు తీసేసే, ఎక్కించే హక్కులు ఇప్పుడు ఆమె చేతిలోనే ఉన్నాయి. పాత సర్వర్‌లో అసలు ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి కాబట్టి, చెడినవి తీసేసి ఒక్కొక్కటిగా మళ్లీ ఎక్కిస్తే ఎవరికీ తెలియదు. లీడ్ సీటు వస్తుంది. ఓంకార్ సంగతి ఎలాగూ తేలిపోయింది. వేలు మౌస్ మీద పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. కాఫీ మీద మీగడ కట్టింది.

'నేనైతే చెయ్యలేదు కదా' అనుకుంది. ఆ మాట అనుకోగానే దాని వెనకే రావాల్సిన మాట కూడా వచ్చింది. మరి ఓంకార్ చేశాడని నేనెట్లా అన్నాను? నా పేరు ఎట్లా వచ్చిందో అతని పేరూ అట్లాగే వచ్చింది. ప్రవళికకు సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చి పనిలో పడింది.

ఇన్నాళ్లూ ఎవరి పేరు అన్నదే చూసింది గానీ, చెడిన ఫైలులో ఏం చెడిందో విప్పి చూడలేదు. ఇప్పుడు విప్పింది. చెడిన ముక్క అన్ని ఫైళ్లలోనూ ఒకే పొడవు ఉంది. కొలిచి కోసినట్టు ప్రతిసారీ సరిగ్గా ఒక గీత దగ్గరే మొదలవుతోంది. పగబట్టిన మనిషి ఇంత పద్ధతిగా చెడగొట్టడు. ఆ ముక్కలో ఉన్నది సరిగ్గా ఆ క్షణంలోనే పక్కన ఎక్కుతున్న ఇంకో ఫైలు తాలూకు సరుకు. సర్వర్ తనలో తాను రాసుకునే లాగ్ తీసి చూస్తే, చెడిన ప్రతిసారీ దానికి కాస్త ముందు కంట్రోలర్ ఒక క్షణం ఉక్కిరిబిక్కిరై, ఆగి, మళ్లీ మొదలైనట్టు ఉంది. అలా ఆగినప్పుడు రాయాల్సినది రాయకుండానే, రాసేశాను అని డ్రైవర్ జవాబు చెప్పేస్తోంది. తర్వాత గుర్తొచ్చి రాసేసరికి, రాయాల్సిన ముక్కను కాసేపు పెట్టుకున్న చోట్లోకి వేరేవాళ్ల బొమ్మ వచ్చి, అదే డిస్కు మీదికి ఎక్కుతోంది.

బుధవారం తన టెస్ట్‌లో ఇది ఎందుకు దొరకలేదో కూడా అర్థమైంది. తను ఎక్కించింది ఒక్క ఫోల్డర్. దానికి ఉక్కిరిబిక్కిరి ఎందుకవుతుంది? ఓంకార్ ఆమెకు పని మిగల్చకూడదని ఒకేసారి అన్నీ తోలాడు కాబట్టి అతని పేరు మీద వచ్చింది. అతను సెలవు పెట్టిన రోజు తోలేవాళ్లు లేరు కాబట్టి రాలేదు. లాగిన్ తీసేయగానే జబ్బు తగ్గింది కూడా అందుకే.

అయినా ఈసారి ఆమె తన బుద్ధిని నమ్మదలుచుకోలేదు. మూలన ఖాళీగా ఉన్న అదే రకం సర్వర్ తీసి, పాత డ్రైవర్ పెట్టి, అన్ని ఫోల్డర్లూ ఒకేసారి తోలింది. భోజనానికి కూడా లేవలేదు. అన్ని నంబర్లూ సరిపోయాయి. డ్రైవర్ ఒక్కటి మార్చి, కొత్తది పెట్టి, మళ్లీ అవే తోలింది. కాసేపటికే ఎర్ర వరసలు మొదలయ్యాయి. ఇక్కడ ఓంకార్ లేడు. అసలు ఎవరూ లేరు, డ్రైవర్ తప్ప.

విశ్వేశ్వరరావు అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. విన్నాక గ్లాసులో మంచినీళ్లు తాగి, మూత పెట్టి, ఆ మూతను సరిగ్గా తిప్పి పెట్టాడు. సరే, పాత డ్రైవర్ పెట్టేద్దామన్నాడు. స్వప్న మెయిల్ ఆపిద్దామన్నాడు. రిపోర్టులో మాత్రం పాత ఫైళ్లలోనే లోపం ఉందని రాస్తే సరిపోతుంది, ముహూర్తాలు, టెస్టులు ఇవన్నీ ఎందుకన్నాడు. ఓంకార్ ఎలాగూ వెళ్లిపోయేవాడే కదా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మీ పేరు మీద కూడా వచ్చిందని ఎవరికైనా తెలుసా అమ్మా?"

ప్రవళిక ఆయన ముఖంలోకి చూసింది. సోమవారం ఇదే కుర్చీలో కూర్చోబెట్టి అడిగిన గొంతే. అప్పుడు మర్యాదగా వినపడింది.

"తెలుసు సార్," అంది. "స్వప్నకు, డైరెక్టర్‌కు, టీమందరికి మెయిల్ పెట్టిన. ఓంకారన్న పేరు మీద వచ్చినయి, నా పేరు మీద వచ్చినయి, రెండు పక్కపక్కన పెట్టిన. పూజ రోజు కొత్త డ్రైవర్‌ను టెస్ట్ ఎందుకు చెయ్యలేదో కూడ రాసిన. పెట్టినంకనే మీ దగ్గరకు వచ్చిన."

విశ్వేశ్వరరావు గ్లాసు పక్కకు జరిపాడు. లీడ్ సీటు గురించి తర్వాత మాట్లాడదామన్నాడు. ఆమె సరే సార్ అని బయటికి వచ్చింది. ఆ మాట విన్నందుకు బాధ వేయలేదు.

*

ప్యాంట్రీ పక్కన ఓంకార్ ఖాళీ టేబుల్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ప్రవళిక ఎదురుగా నిలబడే మొత్తం చెప్పింది. డ్రైవర్ సంగతి, రెండు టెస్టుల సంగతి, నువ్వు మంగళవారం అన్నదే నిజమని కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ అతను సంతోషిస్తాడని ఎదురుచూసింది. అన్యాయం చేసింది తనేనన్న సంగతి పక్కకు పోయి, విడిపించిందీ తనే అన్న గర్వం కాస్త మాటలోకి వచ్చేసింది కూడా.

అతను ముందుగా అడిగింది గంగమ్మ సంగతి.

"మళ్ల స్కాన్ తీసిండ్రన్నా. ఏం లేదు. మంచిగనే ఉంది."

"ఆమెకు చెప్పిండ్రా?"

"చెప్పిండ్రు."

మంచిగైంది అని తల ఊపాడు. టేబుల్ మీద లేని దుమ్మును చేత్తో తుడిచాడు. తర్వాత, గొంతు పెంచకుండానే అన్నాడు.

"నా పేరు మీద వచ్చినప్పుడు మనిషి తప్పన్నవ్. నీ పేరు మీద వస్తె మిషిన్‌ల వెతికినవ్."

ప్రవళిక చెప్పాలనుకున్నవన్నీ ఆ ఒక్క మాట ముందు చిన్నబోయాయి. సారీ అన్నా అంది. అతను పోనీలే అనలేదు, కోప్పడనూ లేదు. వాళ్లమ్మకు ఫోన్ చేసి, సోమవారం కొత్త ఆఫీసుకు పోతున్నానని మాత్రం చెప్పాడు.

స్వప్న రిలీవింగ్ లెటర్ తెచ్చి ఇచ్చింది. డైరెక్టర్ రెండు లైన్ల క్షమాపణ మెయిల్ పంపాడు. ఎవరో కేక్ తెప్పించారు. పొద్దున ప్యాంట్రీ దారి మానేసినవాళ్లే ఆ కేక్ చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు. ఓంకార్ కోసి అందరికీ పంచాడు, కొమురయ్యకు కూడా కింద గేటు దగ్గరికి పంపించాడు. తన ముక్క అలాగే ప్లేటులో వదిలేశాడు.

ఆఖరి పని ఒకటి మిగిలింది. సర్వర్ అసలు తాళం లాంటి అడ్మిన్ లాగిన్ ఇన్నాళ్లూ అతని పేరు మీద ఉంది. బుధవారం ఆపేసిన దాన్ని కాసేపు మళ్లీ తెరిపించి ప్రవళికకు మార్చాలి. ఇద్దరూ పాత సీటులోనే, ఒకే స్క్రీన్ ముందు కూర్చున్నారు. ముందు అతను తన పాత పాస్‌వర్డ్ కొట్టాలి. ప్రవళిక వెంటనే కుర్చీ తిప్పేసి కిటికీ వైపు చూసింది. రైలు లేదు. ఎండ పడ్డ పట్టాల్ని చూస్తూ కూర్చుంది. అతను కొట్టడం పూర్తయిందని చెప్పేదాకా మెడ కూడా కదపలేదు.

తర్వాత ఆమె వంతు వచ్చింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమని స్క్రీన్ అడిగింది. ఆమె కీబోర్డు దగ్గరికి జరుపుకుని, వేళ్లు ఆనించి, అతను తిరుగుతాడని ఆగింది.

కింద స్టేషన్‌లోకి రైలు వచ్చిన చప్పుడు వినపడింది. ఓంకార్ తిరగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, శ్రద్ధగా ఆమె వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

ఆమె ఇంకాసేపు ఆగింది. ఆ తర్వాత అతను చూస్తుండగానే ఒక్కొక్క అక్షరం కొట్టింది.